నిలబడి కోసే కత్తి

మా ఇంట్లో కాకరకాయ వేపుడు ఆగిపోయింది. ఆ ఏడాది పుంగనూరులో అంతకంటే పెద్ద కష్టం ఇంకెవరికీ రాలేదని నా గట్టి నమ్మకం.

కారణం నా భార్య సరోజ మోకాళ్లు. కింద కూర్చోకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. సరే, నిలబడి వండడానికి గట్టు కట్టించాం, గ్యాసు పెట్టించాం. కానీ కత్తిపీట ముందు కూర్చోకుండా కూరగాయలు కోసేదెట్లా? కత్తిపీటను గట్టు మీద పెట్టి చూశాం. కాలితో తొక్కిపట్టేవాళ్లు లేక అది జారిపోతూ వచ్చింది. నేను గట్టెక్కి తొక్కిపట్టుకుంటానన్నాను.

"నువ్వు గట్టెక్కి నిలబడితే నీ కాళ్లు సూసుకుంటా వండల్నా నేను?" అంది.

దాంతో కొయ్యనవసరంలేని వంటలు మొదలయ్యాయి. చేత్తో తుంచే చిక్కుడుకాయలు, చేత్తో గిల్లే ఆకుకూరలు, చేత్తో పిసికే టమోటాలు. ఉల్లిగడ్డను కూడా రోట్లో చితక్కొట్టి వేసేది. కాకరకాయను తుంచలేం, గిల్లలేం, పిసకలేం. నాకేమో అది లేకపోతే ముద్ద దిగదు.

కుప్పంలో ఉన్న మా కూతురు యమున ఫోన్లో తేలిగ్గా ఒక మాట అనేసింది. "నాయినా, నువ్వే కోసిస్తే పోలేదా? మా ఇంట్లో ఈయనే కోస్తాడు."

మా అల్లుడు కోస్తాడని నాకు తెలుసు. అందుకే అతన్ని నలుగురిలో పొగడను. నేను ఎరువుల అంగడి పెట్టుకున్న మనిషిని. చుట్టుపక్కల రైతులు నన్నడిగిన తర్వాతే పైరుకు మందు కొడతారు. అలాంటివాడు వంటింట్లో నిలబడి వంకాయలు కోస్తుంటే ఎవరి కంటయినా పడితే ఇక నా మాటకు విలువేముంటుంది? కాబట్టి కోసేది సరోజే కావాలి. ఆమె చేతికి నప్పే కత్తి ఒకటి చవగ్గా దొరకాలి. దొరక్కపోతే ఆ పని వచ్చి నా నెత్తిన పడుతుంది.

మొదటి కత్తి బస్టాండు దగ్గర కొన్నాను. గుడ్డ పరుచుకుని అమ్మేవాడు దాంతో కాగితాన్ని గాల్లో పట్టుకుని సర్రున కోసి చూపించాడు. మా ఇంట్లో ఎవరూ కాగితం వండుకోరని నాకు అప్పుడు తట్టలేదు. అది గుమ్మడికాయ దగ్గర వంగిపోయింది. రెండోది బెంగళూరుకు పోయి వచ్చే శాంతిపురం మనిషి ఒకాయనతో తెప్పించాను. హోటళ్లలో వాడే రకమట, మోచేయంత పొడుగుంది. సరోజ దాన్ని చూసి వెనక్కి జరిగింది.

"దీంతో ఏం కొయ్యల్ల, ఎనుమునా? కొనేటప్పుడు నన్ను గూడా పిల్సకపోతే నీ సొమ్మేం పోయేది?"

అందుకని మూడోసారి ఆమెను వెంటబెట్టుకుని మదనపల్లెకు పోయాను. పెద్ద స్టీలు సామాన్ల అంగడి. యజమాని వెంకటేశులు కత్తులన్నీ తెచ్చి బల్ల మీద పరిచాడు. సరోజ చేతిసంచీలోంచి నాలుగు పండు టమోటాలు, ఒక కాకరకాయ తీసి వాటి పక్కన పెట్టింది.

"కోసి సూసినంకనే కొంటాను."

"అమ్మా, ఇది అంగడి. వంటిల్లు కాదు," అన్నాడు వెంకటేశులు.

"సట్టి కొనేటప్పుడు కొట్టి సూడమా? ఇదీ అంతే."

వెంకటేశులు లోపలినుంచి ఒక చెక్క తెప్పించాడు. ఈలోగా నేను ఊరికే ఉండకుండా, కత్తికి బరువుండాలనీ, పిడి లోపలికంటా ఇనుము పోయుండాలనీ, పిడికిలి నిండుగా పట్టు దొరకాలనీ ఉపన్యాసమిచ్చాను. ఎవరూ అడగలేదు. అయినా నలుగురు చుట్టూ చేరారు.

సరోజ ఒక కత్తి తీసుకుని టమోటా మీద అదిమింది. రసం ఎగిరి పక్కనామె చీర మీద పడింది. ఇంకో కత్తి తీసుకుంది. టమోటా జారి నేల మీద దొర్లింది. మూడో కత్తిని అందుకుని, కాయకు ఆనించకుండానే ఆగిపోయింది. వెనకనుంచి ఎవడో, "ఆయమ్మకు కొయ్యనే రాదు మాదిరుండాదే," అన్నాడు. అందరూ నవ్వారు.

సరోజ కత్తిని బల్ల మీద పెట్టేసింది.

"ముప్పై ఏండ్లు కత్తి కదల్లేదు, కాయే కదిలింది," అంది మెల్లగా నాతో. "ఇప్పుడు కాయను కదలకుండా పట్టుకోని కత్తిని కదిలిచ్చల్లంట. నాకు బయమేస్తాండాది."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు బాధ కలిగితే అది కోపంగానే బయటికొస్తుంది, అది నా తీరు. నవ్వినవాడి మీద విరుచుకుపడ్డాను.

"పెద్దపంజాణిలో పెండ్లికి ఈమొక్కతే రెండు బస్తాల వంకాయలు కోసిపెట్టింది. నీకేం తెల్సునని నవ్వుతాండావు? కొయ్యను రాకపోయేది కత్తులకు! ఇట్లియ్, నేను సూపిస్తా!"

చేతికందిన కత్తి తీసుకున్నాను. అక్కడే నా కొంప మునిగింది.

అది అన్నిటికంటే చవకది. జానెడు పొడుగు, చెక్క పిడి. టమోటా మీద పెట్టి కోస్తే మొదటి ముక్క ఇటుకంత వచ్చింది. అందరూ మళ్లీ నవ్వారు, కాకపోతే ఈసారి నన్ను చూసి. పక్కనుంచి సరోజ, "సేతి ఏళ్ల కొనలు లోపలికి ముడుసు. అదమద్దు, లాగు," అంది. ముడిచాను, లాగాను. కత్తి టమోటా తోలులోకి ఇట్టే దిగింది. ఆ ఊపులో కాకరకాయ కూడా అందుకున్నాను. చక్రాలు సన్నగా, వరసగా పడుతున్నాయి. చేతికి భలే హాయిగా ఉంది. కాయంతా అయిపోయేదాకా నేను తలెత్తలేదు. ఒకామె తన మొగుణ్ని మోచేత్తో పొడిచి, "సూసి నేర్సుకో," అనడం మాత్రం వినపడింది.

తలెత్తేసరికి సరోజ కళ్లలో నీళ్లు లేవు. నవ్వుతోంది. బేరం కుదిరినప్పుడు నవ్వే నవ్వు అది.

"ఇదే ఇయ్యప్పా," అంది వెంకటేశులుతో.

ఆ రోజుల్లో పేరు కొట్టకుండా గరిటె కూడా అంగడి దాటేది కాదు. వెంకటేశులు పేర్లు కొట్టే మిషను ముందుకు లాక్కుని, "ఏం పేరు కొట్టల్ల?" అని అడిగాడు.

"సరోజమ్మ అని కొట్టు," అన్నాను తొందరగా.

"నా పేరొద్దు. కోసేవాళ్ల పేరు కొట్టు," అంది సరోజ.

"ఆయప్ప పేరేంది?"

నేను నోరు మూసుకున్నాను. నా ధైర్యం నాకుంది. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. రేషన్ కార్డు రాసేవాళ్లు అడిగినా, ఆస్పత్రిలో అడిగినా సరోజ పక్కవాళ్లతో చెప్పించిందే గానీ తను ఎన్నడూ చెప్పలేదు. ఆమె చెప్పదు, నేను చెప్పను. పేరు లేని కత్తితో ఎవరు కోయాలో ఇంటికి పోయి తేల్చుకోవచ్చు. అంగట్లో నన్నెరిగినవాళ్లు ఇంకెవరూ లేరు.

మిషను గుయ్యిమంటోంది. వెంకటేశులు కత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సరోజ నావైపు చూసింది. నేను అంగడి కప్పు వైపు చూశాను. ఆమె కొంగు సర్దుకుంది.

"కొండప్ప," అంది.

"ఏందమ్మా? మిషను మోతలో వినపళ్లేదు."

"కొండప్ప!" అంది, అంగడంతా వినపడేట్టు.

పుంగనూరు బస్సులో నేను ముందు సీటు వైపే చూస్తూ కూర్చున్నాను. కోపమొచ్చిందనుకుని ఆమె, "నువ్వు సెప్పకపోతే నేనేం సేసేది?" అంటూ కిటికీ వైపు తిరిగింది. కోపం కాదు. ఊరంతా ఆ పేరుతోనే పిలుస్తుంది, నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆమె నోట వినేదాకా అది అంత మంచి పేరని నాకు తెలియలేదు.

ఊరు దగ్గరపడుతుండగా ఉండబట్టలేక అడిగేశాను.

"ఇంకోతూరి సెప్పు."

సరోజ అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాకరకాయలు కోసినంక సెప్తాలే," అంది.