షోకేసులో సముద్రం

ఊరికే వస్తే చాలు, జయరాం అదేమిటని అడగడు. ఉచితమంటే ఫినాయిల్ కూడా తాగే రకమని అతని పెళ్ళాం సుబ్బరత్నమ్మ పెళ్ళైన ఏడాదికే తేల్చేసుకుంది. పార్టీ సభకని కోస్తాకు పోయిన ఆ మహానుభావుడు, వచ్చేటప్పుడు సూట్‌కేసు నిండా సముద్రపు గుల్లలు మోసుకొచ్చాడు. ఇసుకలో పడి ఉన్నవి వెలిసిపోయి ఉన్నాయట, అవి ఆయన హోదాకు చాలలేదు. బెస్తవాళ్ళు వలల్లోంచి దులిపి పారేసిన కుప్పలోంచి నిగనిగలాడేవి ఏరుకున్నాడు.

హాల్లోని షోకేసులో సుబ్బరత్నమ్మ పుట్టింటి ఇత్తడి సామానుండేది. దాన్ని అటకెక్కించి, ఆ గుల్లల్ని పేర్చి, పైన లైటు పెట్టించాడు. పులిమచ్చల గవ్వలు, మర తిరిగిన పొడుగాటి గుల్లలు, విసనకర్రలాంటి చిప్పలు, ఒళ్ళంతా ముళ్ళున్న శంఖాలు, నోటికి మూత బిగించుకున్న నత్తలు. ఇన్ని రకాలు దేవుడు చేశాడంటే ముచ్చటే. వాటి ముందు నిలబడి జయరాం చెప్పే ఉపన్యాసమే భరించలేని సంగతి. బూట్లు తడవకుండా ఒడ్డున నిలబడి చూసొచ్చిన సముద్రం గురించి, తానే తవ్వించినట్టు చెప్పేవాడు.

అక్కడ ఒక బెస్తామె, వీటిని ఉడకబెట్టి లోపలిది తీసెయ్యాలని చెప్పిందట. ఆ మాట తలుచుకుని ఇంటికొచ్చినవాళ్ళందరి దగ్గరా నవ్వాడు. రాళ్ళను ఉడకబెట్టుకుని తింటారు కాబోలు అన్నాడు. సుబ్బరత్నమ్మది శింగనమల, పెద్ద చెరువున్న ఊరు. చెరువు ఎండిన ఏడాది నత్తలు ఎట్లా కంపు కొడతాయో చిన్నప్పటి నుంచీ ఎరుగును. చెరువుదైనా సముద్రానిదైనా నత్త నత్తేనని ఆమె చెప్పింది. నువ్వెప్పుడన్నా సముద్రం చూసినావా అని అతను కసిరాడు. రెండోసారి చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

ఇంతలో జయరాం కన్నేసిన జెడ్పీటీసీ సీటు ఆడవాళ్ళకు రిజర్వయింది. అభ్యర్థిగా సుబ్బరత్నమ్మ పేరు పార్టీకి పంపాడు. అడిగి పంపలేదు, పంపి చెప్పాడు. ఫ్లెక్సీలో ఆమె ఫొటో తమలపాకంత, అతనిది తలుపంత. టికెట్టు ఖాయం చేసే పార్టీ పెద్దాయన విష్ణువర్ధన్ వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, దండం పెట్టి, లోపలికి పోవాలని ఆమెకు తర్ఫీదు కూడా ఇచ్చాడు. కానీ సుబ్బరత్నమ్మకు ఆ పదవి కుర్చీలో నిజంగానే కూర్చోవాలని ఉంది. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వే మొహాలే తప్ప వినే మొహాలు ఆ ఇంట్లో లేవు.

ఎండలు ముదిరేసరికి హాల్లో వాసన మొదలైంది. ఎలుక చచ్చిందని జయరాం అటకమీది ఇత్తడినంతా కిందికి దించి వెతికాడు. ఊదొత్తులు కట్టలు కట్టలు వెలిగించాడు. షోకేసు వైపు మాత్రం చూడలేదు. తాను తెచ్చినదాంట్లో తప్పుంటుందని జన్మలో అనుకున్నవాడైతే కదా!

విష్ణువర్ధన్ వచ్చిన రోజు తలుపులన్నీ మూసి ఏసీ వేశాడు. షోకేసు లైటు కూడా వేశాడు. ఇక చూడాలి ఆ కంపు! పెద్దాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

“ఏమప్పా, ఇంట్లో ఏమన్నా చచ్చిందా?”

“మా ఇంటామెకు శుభ్రం తెలీదన్నా,” అన్నాడు జయరాం, రెప్ప కూడా వెయ్యకుండా. “ఏమనుకోవద్దు. ఆమె సంతకం పెట్టేదే కదా, తక్కిందంతా నేను చూసుకుంటా.”

అప్పుడే కాఫీ తెచ్చిన సుబ్బరత్నమ్మకు ఒళ్ళు భగ్గుమంది. కాఫీ బల్లమీద దించి, ఖాళీ పళ్ళెంతో తిన్నగా పోయి షోకేసు తలుపు తెరిచింది. ముళ్ళ శంఖమొకటి తీసి పళ్ళెంలో బోర్లించి తట్టింది. నల్లటి నీళ్ళు కారాయి, వెనకే కుళ్ళిన మాంసం ముద్ద జారి పడింది.

“పాణమున్నవాటిని తెచ్చి గాజుపెట్టెలో పెట్టినాడన్నా. చెప్తే ఇనలా. ఈయప్పకు ఏది చూసినా ఖాళీ గుల్లే. లోపల పాణముండాదని కంపు కొడితే గానీ తెలీదు.” పళ్ళెం పెద్దాయన ముందు పెట్టింది. “సీటు ఆడోళ్ళది. పేరు నాది. మాట్లాడేదేమన్నా ఉంటే నాతో మాట్లాడన్నా.”

జయరాం నోరు తెరిచాడు గానీ, ఆ వాసనకు వెంటనే మూసుకోవాల్సి వచ్చింది. విష్ణువర్ధన్ పళ్ళెం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. లేచి వరండాలోకి నడుస్తూ, రెండు కుర్చీలు బయట వెయ్యమన్నాడు.

జయరాం పరుగున రెండు కుర్చీలు మోసుకెళ్ళాడు. ఒకటి పెద్దాయనకు వేసి, రెండోదాంట్లో అలవాటుగా తాను కూర్చున్నాడు.

“నీకు కాదప్పా,” అన్నాడు విష్ణువర్ధన్.

జయరాం లేచాడు. సుబ్బరత్నమ్మ చేతులు కడుక్కొచ్చి, కొంగుతో తుడుచుకుని ఆ కుర్చీలో కూర్చుంది. అతను లోపలికి పోయి షోకేసు ముందు ముక్కు మూసుకుని నిలబడ్డాడు. వాటిని ఏం చెయ్యాలో పాలుపోలేదు.

“పెద్ద దబరాలో ఏసి ఉడకబెట్టప్పా,” అంది సుబ్బరత్నమ్మ, కుర్చీలోంచి వెనక్కి తిరగకుండానే.