ఊదుగొట్టం

చువ్వను వెదురు చివరలోకి దించి, దాని తల మీద కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేసింది అక్క. లోపలి కణుపు టప్పున విరిగి, పొట్టు ఆమె ఒళ్లో రాలింది. ఆ వెదురును ఎడమ పక్క గంపలోకి విసిరి, కుడి పక్క గంపలోంచి ఇంకొకటి లాగింది. పొద్దున ఎనిమిదింటికి కూర్చున్నప్పటి నుంచీ ఇదే పని. నిన్నా ఇదే, మొన్నా ఇదే. రోజంతా ఎవరివో చెంపలు వాయించి వచ్చినట్టు సాయంత్రానికి చెయ్యి లాగేస్తోంది. వాయించాల్సిన చెంపలు మాత్రం వేరే ఉన్నాయి.

చేసేవాళ్లకు, వాయించేవాళ్లకు తప్ప పెద్దగా ఎవరికీ పట్టని సంగతి ఒకటుంది. పిల్లనగ్రోవి పూర్తిగా బోలు కాదు. ఒక చివర తెరిచి ఉంటుంది. రెండో చివర, ఊదే రంధ్రానికి కాస్త అవతల, పైకి కనబడకుండా అంగుళం లోపల, వెదురుకు పుట్టుకతో వచ్చిన కణుపు అడ్డంగా మూసుకుని ఉంటుంది. ఊదిన ఊపిరి దానికి తగిలి వెనక్కి మళ్లితేనే పాట. అది లేకపోతే ఊపిరి ఇటు వచ్చి అటు పోతుంది, బుస్సుమనడం తప్ప ఇంకేమీ ఉండదు.

ముప్ఫై తొమ్మిదేళ్లుగా ఆ కణుపు చెదరకుండా చూడడమే ఆమె పని. వెదురు ఎంచడం, ఆరబెట్టడం, చువ్వను ఎర్రగా కాల్చి రంధ్రాలు పొడవడం, ఊది చూసి శ్రుతి కోసం రంధ్రాన్ని రవ్వంత పెంచడం, ఏది చేసినా కణుపు బాగుంటేనే. దానికి సన్నని బీట పడినా ఆ వెదురు పొయ్యిలోకే. అలాంటిది ఈ వారం వెయ్యి పిల్లనగ్రోవులు చేసి, వెయ్యింటికీ కణుపు పగలగొట్టమని కబురొచ్చింది. పంపింది ఎవరో గొట్టంగాడైతే ఒక తిట్టు తిట్టి ఊరుకునేది. పంపింది సొంత తమ్ముడు.

తమ్ముడు ప్రవచనాలు చెబుతాడు. వేణువు మీద చెప్పి పేరు తెచ్చుకున్నాడు. ఈ సాయంత్రం పెద్ద హాల్లో సభ. వచ్చిన ప్రతివాళ్ల చేతిలో ఒక వేణువు పెట్టి, కంటికి ఆనించుకుని ఇటు నుంచి అటు చూడమంటాడట. లోపల ఏమీ లేదని, వెలుతురు తప్ప మరేదీ లేదని జనం స్వయంగా చూడాలట. అందుకని కణుపులు అడ్డం వచ్చాయి ఆయనకు.

అక్క పొట్టి మనిషి. పొగకు కనుబొమలు పలచబడ్డాయి. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు కాలి కాలి కొయ్యలా గట్టిపడ్డాయి. ఏ ఆఫీసుకు పోయినా వేలిముద్ర పడక, గుమస్తా చేత చీవాట్లు తిని రావడం ఆమెకు మామూలే. కార్ఖానాలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. చిన్నప్పుడు తమ్ముడు మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చి గుమ్మంలో నిలబడి అలా అరిచేవాడు, ఆ పిలుపు అందరికీ అంటుకుంది.

పక్క పీట మీద ఈల మామ ఫోన్ పెట్టుకుని తమ్ముడి ప్రవచనమే వింటున్నాడు. చేసిన ప్రతి పిల్లనగ్రోవినీ చివరిసారి ఊది చూసే ముసలాయన. ముందు పళ్లు రెండు ఊడిపోయి, ఏ మాటన్నా చివర చిన్న ఈల పడుతుంది. ఈ వారం ఊది చూడాల్సిందేమీ లేక ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఫోన్‌లో గోపికలు వేణువును నిలదీస్తున్నారు. మేము ప్రాణం పెట్టినా ఆయన పెదవులు మాకు దక్కలేదు, అడవిలో పుట్టిన ఎండు కర్రవి, నీకెలా దక్కాయని. వేణువు జవాబు చెబుతోంది. నన్ను పొదలోంచి నరికారు, ఊరుకున్నాను. ఎండబెట్టారు, ఊరుకున్నాను. ఒళ్లంతా కాల్చి చిల్లులు పొడిచారు, అప్పుడూ ఊరుకున్నాను. నాదంటూ లోపల ఏమీ ఉంచుకోలేదు, అందుకే నాలోంచి ఆయన పాట వస్తోంది. మొదట్లో అక్కకు ఈ మాటలు ఎంతో ఇష్టం. భక్తి లేని మనిషి కాదు ఆమె. ఎవరి చేతికి పోతుందో తెలియని ప్రతి పిల్లనగ్రోవినీ రేపు కృష్ణుడే వాయిస్తాడన్నట్టు చేసేది. కాల్చిన వేళ్లతోనే దాన్ని కళ్లకద్దుకునేది.

తర్వాత వచ్చే మాటలకే ఆమెకు ఒళ్లు మండుతుంది.

“అలాంటి వేణువు మా ఇంట్లోనే ఒకటుంది, మా అక్క,” అంది ఫోన్‌లోని గొంతు. “ఆమెకు ఏ కోరికా లేదు. ఏనాడూ నోరు తెరిచి ఏమీ అడగలేదు.”

ఈల మామ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. అక్క సుత్తి ఎత్తి కణుపుతో పాటు వెదురునే చీల్చేసింది. పాడైన ముక్కను కుంపట్లోకి విసిరి ఇంకొకటి తీసుకుంది.

అడగలేదా? పందొమ్మిదేళ్లప్పుడు ఒక సంగీతం మాస్టారు పిల్లనగ్రోవులు ఎంచుకోవడానికి వచ్చి, ఆమె శ్రుతి చూస్తుంటే విని, నీ ఊపిరి బాగుందమ్మా, సాయంత్రాలు రా నేర్పుతాను అన్నాడు. ఎనిమిది నెలలు వెళ్లింది. ఇంతలో తమ్ముడికి సాయంత్రం ట్యూషన్ పెట్టారు. వాణ్ని దింపాలి, తేవాలి, వచ్చేసరికి వంట కావాలి. పాఠానికి వెళ్లనివ్వమని అమ్మను రెండుసార్లు అడిగింది. వాడి పరీక్షలు కానీ అంది అమ్మ. ఆ పరీక్షలు ఇంకా అయినట్టు లేదు. వెదురు తెచ్చే వ్యాపారి తమ్ముడు ఆమెను చేసుకుంటానని ఇంటికి కబురు పెడితే, ఇప్పుడే ఏం తొందరని ఇంట్లోవాళ్లు చెప్పి పంపేశారు. ఆ సంగతి నాలుగేళ్ల తర్వాత ఈల మామ నోరుజారితే ఆమెకు తెలిసింది. అప్పటికి ఆ మనిషికి ఇద్దరు పిల్లలు.

తమ్ముడి తప్పేమీ లేదు, అప్పుడు వాడికి పదేళ్లు. ఇప్పుడు నలభై ఆరు. ఇన్నేళ్లలో ఒక్కసారి వాడే అడిగి ఉండొచ్చు. అడగలేదు సరికదా, ఆమెకు కోరికే లేదని ఊరంతా మైకు పెట్టి చెబుతున్నాడు.

ఆమె రవికలో మడిచిపెట్టిన ఉత్తరం ఒకటుంది. ఆ మాస్టారు ఎప్పుడో పోయారు. పక్క ఊళ్లో ఆయన పెట్టిన సంగీత పాఠశాలను ఇప్పుడు ఆయన శిష్యురాలు నడుపుతోంది. వాయిద్యాలు బాగుచేయడానికి, పిల్లలకు పిల్లనగ్రోవి ఎంచి ఇవ్వడానికి మనిషి కావాలి, అక్కడే గది ఇస్తాం, మీరైతే ఖాళీ వేళల్లో పాఠం కూడా మొదలుపెట్టుకోవచ్చు అని రాసింది. ఈ రోజులోగా మాట చెప్పమంది. మొన్న ఆదివారం అక్క ఈ సంగతి అన్నం దగ్గర ఎత్తితే, ఈ వయసులో నీకెందుకక్కా ఆ శ్రమ అన్నాడు తమ్ముడు. మరదలు మజ్జిగ వడ్డించింది. అంతటితో ఆ మాట అయిపోయింది. అక్క తన మీద తనే కోపంతో కణుపులు పగలగొడుతోంది. తిట్టుకుంటూ పగలగొడుతోంది, పగలగొడుతూ తిట్టుకుంటోంది, చెయ్యి మాత్రం ఆగడం లేదు. ఆగకపోవడం దానికి అలవాటు.

మధ్యాహ్నం యజమాని వచ్చి గంపలు చూసి తృప్తి పడ్డాడు. ఇకనుంచి ఇలాంటివే చేద్దామన్నాడు. కొనేవాళ్లలో ఊదేవాళ్లు ఎంతమంది, అందరూ గోడకు తగిలించుకునేవాళ్లే, శ్రుతి చూసే పని కూడా తప్పుతుందన్నాడు. ఈల మామ ముఖం పాలిపోయింది. అక్క యజమాని వైపు చూసింది. ఇతను చిన్నప్పుడు ఆమె ఒళ్లో కూర్చుని కుంపట్లో వెదురు పొట్టు పోసి మంట చూసి నవ్వినవాడు.

మూడింటికి ఆఖరి వెదురు ఎడమ గంపలో పడింది. అదే సమయానికి గుమ్మంలో కారు ఆగింది. తమ్ముడు ఇస్త్రీ మడత చెరగని తెల్లబట్టల్లో, వెనక ఇద్దరు శిష్యులతో లోపలికి వచ్చాడు. అందరూ లేచారు. ఈల మామ వంగి దండం పెట్టాడు. అక్క పీట మీద నుంచి కదల్లేదు.

నలుగురిలో తమ్ముణ్ని మీరు అనాలని మరదలు పన్నెండేళ్ల కిందట చెప్పింది. గురువుగారిని రా అంటే శిష్యులకు బాగుండదని. అప్పటినుంచీ అక్క అలాగే అంటోంది.

సాయంత్రం వేదిక మీద ఆమెకు కుర్చీ వేయించానని, శాలువా కప్పుతామని, ఐదింటికి కారు వస్తుందని తమ్ముడు చెప్పాడు. 

“నువ్వేం మాట్లాడక్కర్లేదక్కా. కూర్చుంటే చాలు.”

అక్క ఒళ్లోని పొట్టు దులుపుకుంది.

“ఏరా, అమ్మ పొయ్యి దేంతో ఊదేది?”

శిష్యులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తమ్ముడు నవ్వాడు. “ఊదుగొట్టంతో.”

“దానికి రెండు వైపులా తెరిచే ఉంటుంది. లోపల ఏమీ ఉండదు. ఊదితే పొయ్యి మండుతుంది, అందరికీ అన్నం ఉడుకుతుంది, దానికి మసి అంటుతుంది. వారం నుంచి నువ్వు నా చేత చేయిస్తున్నవి అవిరా. పిల్లనగ్రోవులు కావు.”

“భావం ముఖ్యం కదక్కా.”

“ఇవి మోగవు.”

“మోగక్కర్లేదక్కా,” అన్నాడు తమ్ముడు, సభలో చెప్పేంత తియ్యగా. “చూస్తే చాలు.”

కూర్చుంటే చాలు. చూస్తే చాలు. అక్కకు కోపం కాళ్ల నుంచి తలకెక్కింది. లేచి నిలబడితే ఆమె తల వాడి భుజం దాకా వచ్చింది, అంతే. గొంతు మాత్రం పెరగలేదు.

“మోగని దాన్ని ఆ కృష్ణుడు పెదవికి ఆనించుకుంటాడా? ఆయన ఊపిరైనా సరే, లోపల ఎక్కడో ఒకచోట తగలాలి. ఇక్కడిదాకానే అనేది ఒకటి ఉండాలి. అక్కడినుంచే పాట పుడుతుంది. అదీ లేనిది ఆయనకెందుకురా? నాకు కోరిక లేదని నీకెవరు చెప్పారు?”

తమ్ముడి ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియనట్టు ఆగింది. ఆ క్షణంలో వాడు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లాడిలాగే కనబడ్డాడు. ఒక శిష్యుడు చెవిలో ఏదో అన్నాడు. తమ్ముడు గడియారం చూసుకున్నాడు.

“సరే, ఏం కావాలక్కా నీకు?” అన్నాడు గడియారం మీదనుంచి కళ్లు ఎత్తకుండానే.

ముప్ఫై ఆరేళ్లు ఎదురుచూసిన ప్రశ్న అది. ఇలా వస్తుందని ఆమె అనుకోలేదు.

“ఏమీ వద్దులే. నీకు ఆలస్యమవుతోంది.”

వాడు ఊపిరి పీల్చుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, వేదిక మీద తన చేతిలోకి మంచిది ఒకటి చూసి ఇవ్వమన్నాడు. అక్క గోడ దగ్గరికి వెళ్లి, పాత సరుకులోంచి నున్నటిది ఒకటి తీసి, పట్టు సంచిలో పెట్టి ముడివేసి ఇచ్చింది. వాడు దాన్ని కళ్లకద్దుకుని కారెక్కాడు.

ఆమె చువ్వలన్నీ కుంపటి నుంచి తీసి నీళ్లలో ముంచింది. అవి బుసకొట్టి చల్లారాయి. రేపటి నుంచి రానని చెబితే యజమాని సెలవనుకుని తలూపాడు. ఈల మామకు అర్థమైంది. గుమ్మం దాకా వచ్చి, ఎక్కడికి పోతున్నావని అడగలేదు.

“అదేపనిగా ఊదితే మొదట్లో తల తిరుగుతుందమ్మా. నిలబడి ఊదకు,” అన్నాడు, మాట చివర ఈల పడుతుండగా.

ఇంట్లో ఎవరూ లేరు, అందరూ సభకు ముందే వెళ్లారు. వంటింటి వెనక గదిలో ఆమె బట్టలన్నీ ఒక్క సంచిలో పట్టాయి. ముప్ఫై తొమ్మిదేళ్లు ఇంతేనా అనిపించి మళ్లీ ఒళ్లు మండింది. పాఠశాలకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది. తాళం వేసి, తాళంచెవి పక్కింటావిడకు ఇచ్చి బస్టాండుకు నడిచింది. ఐదింటికి కారు కార్ఖానా ముందు ఆగి, ఎంత హారన్ కొట్టినా ఎవరూ రాక తిరిగి వెళ్లిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆమె మనసు తేలికపడిందనుకుంటే పొరపాటు. కోపం అలాగే ఉంది. దాన్ని కూడా వెంట తీసుకునే వెళ్లింది.

హాలు కిక్కిరిసింది. ఖాళీ కుర్చీ చేతి మీద శాలువా మడత పెట్టి ఉంది. అక్కకు ఆర్భాటం గిట్టదని, అందుకే రాలేదని, ఆ రాకపోవడం కూడా వేణువు గుణమేనని గురువుగారు చెప్పారు. జనం నిట్టూర్చారు. తర్వాత అందరినీ వేణువులు కంటికి ఆనించమని, తను పట్టు సంచి ముడి విప్పి, చేతిలోదాన్ని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. లోపల చీకటి. తిప్పి రెండో వైపు నుంచి చూశాడు. అటూ చీకటే. దాన్ని మెల్లగా కిందికి దించాడు.

“చూశారా, ఏమీ కనబడదు,” అన్నాడు చివరికి. ఆ సభలో ఆయన చెప్పిన నిజం అదొక్కటే. వెయ్యి మంది, వెయ్యి గొట్టాల్లోంచి దీపాలు చూస్తూ, అవునవునన్నారు.

సభ అయ్యాక జనం చేతిలోవి చేతిలోనే పట్టుకుని ఇళ్లకు వెళ్లారు. గురువుగారు నేరుగా వెళ్లి కారెక్కారు. మైకులు విప్పే మనిషి తీగలు చుట్టుకుని, దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వెళ్లిపోయాడు. వేదిక మీద బల్లపైన, పట్టు సంచిలోంచి సగం బయటికి జారి, కణుపు చెక్కుచెదరని ఆ పిల్లనగ్రోవి ఉండిపోయింది.