దేనితో భాగించాం?

ఈశ్వరరావు మూడో కాలమ్‌ని నాలుగో కాలమ్‌తో భాగించి, వచ్చిన అంకెకు ఎర్ర రంగు వేసి, మళ్లీ తీసేశాడు. పొద్దున్నుంచి ఇది ఐదోసారి. కిటికీ బయట న్యూజిలాండ్ ఊరు పామర్‌స్టన్ నార్త్ గాలికి సైకిళ్లు పక్కకు ఒరుగుతున్నాయి. అరవయ్యొకటో ఏట మెడలో ఆఫీసు కార్డు, స్వెటర్ మోచేతి దగ్గర భార్య సరోజ వేసిన కుట్టు. తెనాలి కాలేజీలో ఇరవై రెండేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషి. ఏ క్లాసులోనైనా బోర్డు మీద ముందు రాసేది ఒక్కటే: దేనితో భాగించాం? జవాబు చెప్పలేని పిల్లల్ని నిలబెట్టేవాడు.

పోలీసులు బలం ప్రయోగించిన సంఘటనల మీద ఇప్పుడు తను పనిచేసే చిన్న కన్సల్టెన్సీ రిపోర్టు రాస్తోంది. లెక్కను జనాభాతో భాగిస్తే గ్రాఫులో అక్కడి మూలవాసులైన మావోరీల గీత అందరికంటే ఎత్తుకు లేస్తుంది. అరెస్టులతో భాగిస్తే పక్కవాళ్ల గీతతో సమానంగా ఒదిగి కూర్చుంటుంది. రెండూ చూపించాలి. ఆ సంగతి ఈశ్వరరావుకి తెలియక కాదు. కానీ ఈ ఉద్యోగం ఇప్పించిన మేనేజర్ అభినవ్ ఒకప్పటి శిష్యుడు. సోమవారం పక్కన కూర్చుని, "మాస్టారూ, అరెస్టులదొక్కటే ఉంచుదామండీ. రెండోది క్లయింట్‌ని కన్ఫ్యూజ్ చేస్తుంది" అన్నాడు. మొహమాటానికి వీసా అక్కర్లేదు, ఎక్కడికైనా వెంట వస్తుంది. ఈశ్వరరావు ఆ ఒక్కటే ఉంచేశాడు.

పక్క టేబుల్ మెరెయానాది. మావోరీ ఆవిడ. పోలీసులు నింపిన ఫారాలు చదివి, పట్టికలోకి ఎక్కించడం ఆవిడ పని. స్క్రీన్‌ని నమ్మదు. ప్రింటు తీసి, ఒక్కో వరుస కింద చెక్క స్కేలు జరుపుతూ వయసు పైకి చదువుతుంది. ఎందుకని అడిగితే, ఒక్కో వరుస ఒక్కో మనిషి కదా, పేరు తెలియనప్పుడు వయసైనా పలకాలని చెప్పింది.

మధ్యాహ్నం ఆవిడ రిపోర్టు పట్టుకుని వచ్చింది. గొంతు పెంచలేదు.

"రావ్, ఎవర్ని అరెస్టు చేయాలో ఎవరు నిర్ణయించారు?"

అరెస్టులు చేసిందీ ఆ పోలీసులే. అది తను బోర్డు మీద రాసే ప్రశ్నే. అభినవ్‌తో మాట్లాడతానని లేచాడు. అభినవ్ ఎదురొచ్చి, కుర్చీ లాగి, టీ తెప్పించాడు. సరోజగారి మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఈశ్వరరావు టీ తాగి, విషయం ఎత్తకుండానే తిరిగొచ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మూడున్నరకి రిపోర్టు పంపించేశాడు.

నీళ్లు తాగి వచ్చేసరికి పక్క టేబుల్ ఖాళీగా ఉంది. మెరెయానా ఉద్యోగం మానేసి, కార్డు రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్లిపోయిందని చెప్పారు.

ఈశ్వరరావుకి కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే ఉన్నాడు. ఆయన టేబుల్ మీద ఆవిడ ప్రింటు పరిచి ఉంది. పదిహేడేళ్లని రాసి ఉన్న వరుస కింద చెక్క స్కేలు, వేళ్లు ఆనే చోట అంకెలు అరిగిపోయి.