ఇతరాలు

శనివారం పొద్దున్న ఇల్లు ఊడ్చి, బట్టలు ఆరేసి, స్టవ్ తుడిచాక కూడా ఆమెకి ఇంకో పని మిగిలి ఉంటుంది. చెప్పుల స్టాండు పక్క అలమారాలో గుయ్యిమంటూ కూర్చునే సర్వర్ దుమ్ము దులపాలి. ఇంటిల్లిపాది ఫొటోలూ, కాగితాలూ, సినిమాలూ, సీరియళ్లూ ఆ నల్ల పెట్టెలోనే ఉంటాయి. మూడేళ్ల కిందట భర్త ముచ్చటపడి పెట్టాడు. "మన బతుకంతా తీసుకెళ్లి ఎవడో కంపెనీవాడి చేతిలో పెట్టడమేమిటి? మన డేటాకి మనమే యజమానులం," అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అలమారా తలుపు తీసి మరీ చూపిస్తాడు. ఆయన ఆ తలుపు తీసేది చూపించడానికే. ఫ్యానులో వెంట్రుకలు చుట్టుకుంటే లాగేది ఆమె. కరెంటు పోయొస్తే దాన్ని మళ్లీ లేపేది ఆమె. ఆఫీసులో మీటింగు మధ్య అత్తగారు ఫోన్ చేసి, "ఏమ్మా, నా సీరియల్ గిర్రున తిరుగుతోందే గానీ రావట్లేదు," అంటే, బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఏ బొత్తాం నొక్కాలో గుసగుసగా చెప్పేదీ ఆమే. శనివారం శనివారం బీరువాలోంచి బ్యాకప్ డిస్కు తీసి, సర్వర్‌కి గుచ్చి, అంతా నకలయ్యేదాకా కాపలా కాసేదీ ఆమే. "నువ్వు చేసేదేముంది, వైరు గుచ్చి తీయడమేగా," అంటాడు భర్త. అంట్ల గురించీ, బట్టల గురించీ ఏళ్ల తరబడి విన్న మాటే. విసుక్కోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా!

ఆ పెట్టెలో అందరికీ తలో అకౌంటు ఉంది. భర్తకి, అత్తగారికి, కూతురికి, ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చే మరిదికి కూడా. "నీకెందుకు వేరే? నీదీ నాదీ ఒకటే కదా," అన్నాడాయన ఆ రోజు, ప్రేమగానే. ప్రేమగా అన్న మాటకి ఎదురు చెప్పడం ఎంత కష్టమో! ఆమెవన్నీ తన అకౌంటులోనే ఒక ఫోల్డరులో పడేసి, దానికి 'ఇతరాలు' అని పేరు పెట్టాడు.

అందులో ఆమె అమ్మ గొంతు ఉంది. అమ్మ పోవడానికి ముందు ఏడాది ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్న మాటల రికార్డింగులు, మొత్తం నలభై ఒకటి. అమ్మ బట్టలు కుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. ఏ కబురు మొదలుపెట్టినా కత్తెర దగ్గరికే వచ్చేది. "కొలత తీస్తుంటే ఊపిరి బిగబడతారే ఆడవాళ్లు, సన్నగా కనబడాలని. నేనొప్పుకోను. హాయిగా ఊపిరి పీల్చు తల్లీ, అప్పుడు చుడతా టేపు అంటాను," అని పకపకా నవ్వేది. ఫోను మారాక ఆ నవ్వు ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.

డిస్కు గుచ్చే ముందు ఎప్పటిలాగే సర్వర్‌లో ఖాళీ ఎంతుందో చూసింది. పోయిన వారం నిండుకుండలా ఉన్నది ఇవాళ కొంత ఖాళీగా ఉంది. వెతికింది. 'ఇతరాలు' లేదు.

"ఏమండీ, నా ఫోల్డరు ఏమైంది?"

భర్త సోఫాలోంచి తల తిప్పకుండానే అన్నాడు. "నిన్న కొత్త సినిమాలకి చోటు చాల్లేదు. ఆ చెత్తంతా తీసేశాను."

"అందులో అమ్మ ఫోన్లున్నాయి."

"అయ్యయ్యో! చెప్పొద్దూ మరి? 'ఇతరాలు' అని ఉంటే ఎవడికి తెలుస్తుంది?" అని, ఆమె మొహం చూసి తగ్గాడు. "సరేలే, బ్యాకప్‌లో ఉంటాయిగా. ముందు ఆ డిస్కు గుచ్చు. వాటంతటవే వచ్చేస్తాయి."

ఆమె చెయ్యి వైరు దాకా వెళ్లి ఆగింది. అలమారాలో వేలాడే నోటుపుస్తకంలో మొదటి పేజీ, సర్వర్ పెట్టిన రోజు ఆయన చెప్పగా ఆమె రాసుకున్నది: డిస్కు గుచ్చగానే పని దానంతటదే మొదలవుతుంది. సర్వర్‌లో తీసేసినవి డిస్కులోంచీ పోతాయి. తను పెట్టిన ఏర్పాటే ఆయనకి గుర్తు లేదు. ఆయన మాట విని ఉంటే అమ్మ రెండోసారి పోయేది. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో!

పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అట్టపెట్టెలోంచి తన పాత ల్యాప్‌టాప్ తీసింది. మడత దగ్గర విరిగిందేమో, తెర గోడకి ఆనిస్తేగానీ నిలబడదు. డిస్కు దానికి గుచ్చి, నలభై ఒకటీ లెక్కపెట్టుకుంటూ అందులోకి దించుకుంది. తర్వాత దాన్నే తన సర్వర్‌గా తయారుచేయడం మొదలుపెట్టింది. మూడేళ్లు చాకిరీ చేసిన చేతులు, ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు. ఒకచోట తెర మీద యజమాని పేరు అడిగింది. నాలుగక్షరాల తన పేరు టైపు చేయడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. బయట నుంచి అత్తగారు సీరియల్ రావట్లేదని రెండుసార్లు పిలిచింది. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అమ్మ నవ్వు చివరిదాకా విని, అప్పుడు లేచింది.

భోజనాల దగ్గర భర్త అడిగాడు, "బ్యాకప్ అయిందా?"

ఆమె డిస్కూ, నోటుపుస్తకమూ తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"నాది అయిందండీ. గుచ్చే ముందు మొదటి పేజీ చదువుకోండి. ఇక నుంచి శనివారాలు మీరే చూసుకోవాలి. ఏముందీ, వైరు గుచ్చి తీయడమేగా!"