మరుగున పెట్టిన సూదులు

పెళ్ళయ్యాక లీలకు దొరికిన లోకం ఒక మేడ. కింద ఆసుపత్రి, పైన ఇల్లు. రెంటికీ నడుమ సిమెంటు మెట్లు, ఆ మెట్ల మధ్యలో ఇనుప కటకటాల తలుపు, దానికొక తాళం. తాళంచెవి మామగారు జగపతి రావు మొలతాడుకు వేలాడుతూ ఉండేది. ఆయన స్నానానికి పోయినా అది ఆయనతోపాటే పోయేది.

కొత్త పెళ్ళికూతురు సంతోషపడటానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. వంటింటి కిటికీలోంచి కోరుట్ల బస్టాండుకు పోయే దారి జానెడు ముక్క కనిపించేది. ఆ జానెడులోంచి జగిత్యాల బస్సు దాటిపోయినప్పుడల్లా, మా ఊరి బస్సు అనుకుని లీల లోపల్లోపలే చప్పట్లు కొట్టేది. కరుణాకర్ పైకొస్తే అతని చేతులకు స్పిరిట్ వాసన. ఒక్కోనాడు జేబులో కాగితంలో చుట్టిన వేడి మిరపకాయ బజ్జీలు కూడా ఉండేవి. రోగులకు నూనె వద్దని చెప్పే డాక్టరు సాబు పెళ్ళానికి మాత్రం బజ్జీలు తెస్తాడేమని ఆమె ఆటపట్టించేది. ఇద్దరూ మామగారికి వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు.

తాళం వేసింది దొంగలకు భయపడి కాదు. రుద్రంగి పక్క ఊళ్ళో వీళ్ళకు గడి, అంటే కోటలాంటి దొరల మేడ ఉండేది, పొలాలుండేవి. నక్సలైట్లను ఆ ఊళ్ళలో అందరూ అన్నలనే పిలిచేవారు. అన్నలు ఆ పొలాల్లో ఎర్రజెండాలు పాతాక జగపతి రావు ఉన్నపళాన కోరుట్లకు వచ్చేశాడు. కొడుకు అక్కడ చిన్న ఆసుపత్రి పెట్టుకున్నాడు కాబట్టి తల దాచుకోవడానికి చోటు దొరికింది. అప్పటినుంచీ ఆయనకు మెట్ల మీద ఏ చెప్పుల చప్పుడు విన్నా గుండె ఆగినంత పనయ్యేది. కొత్త కోడలు రోగుల కంట పడకూడదు, కిందికి దిగకూడదు, కిటికీ దగ్గర ఎక్కువసేపు నిలబడకూడదు. అత్తగారు ఎప్పుడో పోయారు; లీల తరఫున మాట్లాడే ఆడదిక్కు ఆ ఇంట్లో లేదు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి సూక్ష్మజీవుల శాస్త్రం చదివిన పిల్ల, ఇప్పుడు చారులో పోపు ఎంత ఎర్రబడిందో చూసుకుంటూ కూర్చుంది.

ఇలా ఉండగా కింద చీము మొదలైంది.

మొదట జ్వరమని సూది వేయించుకున్న ఒక ముసలాయనకు చెయ్యి వాచింది. తర్వాత ఇంకొకామెకు వాచి, గడ్డ కట్టి, చీము పట్టింది. ఆ తర్వాత లస్మయ్య వచ్చాడు. రుద్రంగిలో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మోకు జారి కిందపడుతుంటే నడుముకున్న గీతకత్తి పిక్కలోకి దిగింది. కరుణాకర్ మత్తు సూదులిచ్చి, కడిగి, శ్రద్ధగా కుట్లు వేశాడు. రెండుమూడు రోజులకు ఆ కుట్ల చుట్టూ కాలు ఎర్రగా ఉబ్బింది. కట్టు విప్పితే వాసన.

బజారులో మాట పుట్టింది. దొర కొడుకు సూది వేస్తే ఒళ్ళు కుళ్ళుతుందట. భూములు పోయిన కసి ఇట్లా తీర్చుకుంటున్నారట. ఆ మాటను మెట్ల దాకా మోసుకొచ్చింది లస్మయ్య భార్య రాములవ్వ. ఆమె అరవలేదు, ఏడవలేదు. కొంగు నడుముకు దోపుకుని, పక్కింట్లో పిండి అడిగినంత మామూలుగా చెప్పింది.

"మా తమ్ముడు మొగిలి కబురు వెట్టిండు సారూ. బావ కాలు పోతే డాక్టరు జవాబు చెప్పాలెనంట. అందాక ఊరు ఇడిసి పోవద్దంట."

మొగిలి అన్నల దళంలో ఉన్నాడని కోరుట్లలో తెలియనివాళ్ళు లేరు. కటకటాల వెనక నిలబడి వింటున్న లీల రెండు చేతులతో ఇనుప ఊచలు పట్టుకుంది. పెళ్ళినాటి గోరింటాకు ఇంకా పూర్తిగా పోని చేతులవి.

లస్మయ్యను కరీంనగర్ పెద్దాసుపత్రికి పంపుదామంటే దారి లేదు. ఎన్‌కౌంటర్ జరిగిందని అన్నలు బంద్ పిలుపిచ్చారు. రోడ్ల మీద చెట్లు నరికి పడేశారు. బస్సులు డిపో దాటడం లేదు. ఒకవేళ పంపినా, నువ్వెవరు, నీ బామ్మర్ది ఎవరు అని నాకాబందీ దగ్గర పోలీసులు ఆపేస్తారు. కరుణాకర్ వెళ్ళిపోదామన్నా వీల్లేదు. పోతే పారిపోయినట్టు, ఉంటే జవాబు చెప్పాల్సినట్టు. లీల కిటికీ జానెడులో జగిత్యాల బస్సు కనిపించడం మానేసింది.

కరుణాకర్ మొదట గాజుగుడ్డను అనుమానించాడు. కట్లకు వాడే ఆ గుడ్డ సిరిసిల్ల మగ్గాల నుంచి తానులుగా వచ్చేది. ఉన్న తాను మొత్తం పెరట్లో తగలబెట్టించాడు. తర్వాత ట్యాంకు కడిగించాడు. తర్వాత తన చేతులనే అనుమానించి, తోలు ఊడేలా రుద్దుకున్నాడు. లస్మయ్య పక్క మంచంలో ఉన్న మనిషికి కూడా సూది వేసినచోట గడ్డ లేచింది.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని కరుణాకర్ కలపడం మరిచిపోయాడు. లీల కాసేపు చూసి, ఆలుగడ్డలున్నాయా అని వంటింట్లోకి పోయింది.

కాలేజీలో ఒక మేడమ్ సరదాకి చెప్పిన పద్ధతి అది. ల్యాబూ లేదు, సీసాలూ లేవనుకోండి. ఉడికించిన ఆలుగడ్డ చాలు. కాల్చిన కత్తితో దాన్ని చక్రాలుగా కోసి, మసిలిన నీళ్ళలో తీసిన స్టీలు డబ్బాల్లో పెట్టి మూతలు వేయాలి. అనుమానం ఉన్న వస్తువును ఒక్కో చక్రానికి తాకించాలి. క్రిమి ఉంటే అది అక్కడ కాపురం పెట్టి, కంటికి కనిపించేంత పెరుగుతుంది. లీల పుట్టింటి నుంచి వచ్చిన సారె డబ్బాలన్నీ దింపింది. కొత్త డబ్బాలు, మూతల మీద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. వాటిని చూస్తే అంత భయంలోనూ ఆమెకు ముచ్చటేసింది. కరుణాకర్ ఒకదానికి కొత్తగా తెప్పించిన గాజుగుడ్డ తాకించాడు, ఒకదానికి నీళ్ళు, ఒకదానికి తన వేళ్ళు, ఒకదానికి గాజు సిరంజి, సూది. డబ్బాలను బియ్యం బస్తా పక్కన వరసగా పెట్టారు. కూరకు ఆలుగడ్డలేవని జగపతి రావు అడిగితే, పరీక్షకు కూర్చున్నాయని లీల చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు గానీ అడగనూలేదు.

రెండు రోజులయ్యాక మూతలు తీసి చూస్తే గుడ్డ తాకిన చక్రం శుభ్రంగా ఉంది. వేళ్ళదీ అంతే, నీళ్ళదీ అంతే. సూది తాకిన చక్రం మీద మాత్రం పసుపుపచ్చ చుక్కలు, జిగురు జిగురుగా, సన్నగా మెరుస్తూ.

కరుణాకర్ ఆ డబ్బా పట్టుకునే కిందికి పరిగెత్తాడు. లీల కటకటాల దాకా పోయి ఆగిపోయింది. కింద సిస్టర్ రూతమ్మ, ఆయా ముత్తవ్వ నిలబడి ఉన్నారు. రూతమ్మది గుంటూరు వైపు. పని తెలిసిన మనిషి, ఆసుపత్రి భారమంతా ఆమెదే. పాత ఆయా బుచ్చవ్వ, కొడుకు దుబాయి పోయి సంపాదిస్తున్నాడని పని మానుకుంది. ఆమె చోట తంగళ్ళపల్లి నుంచి ముత్తవ్వ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు.

సూదులు మరగపెడుతున్నారా లేదా అని కరుణాకర్ అడిగాడు. రోజూ మరగపెట్టిస్తూనే ఉన్నానండి, కావాలంటే ముత్తవ్వనే అడగండి అంది రూతమ్మ.

"పెట్టిన సారూ. నిన్న పెట్టిన, ఇయ్యాల్ల పెట్టిన. నా బిడ్డ తోడు," అంది ముత్తవ్వ.

ఆమె అబద్ధమాడటం లేదని గొంతులోనే తెలుస్తోంది. మరి చుక్కలు? లీల కటకటాలకు ముఖం ఆనించింది. హాస్టల్లో ఆమె గదిలో ఉన్న తెనాలి పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల మాట్లాడేదీ తెలుగే, ఈమె మాట్లాడేదీ తెలుగే, అయినా పప్పు దగ్గర, చెప్పుల దగ్గర, ఏదో ఒకచోట రోజూ తికమకే.

"ముత్తవ్వా, ఎట్ల పెట్టినవో ఒక్కసారి తెచ్చి చూపెట్టు."

ముత్తవ్వ లోపలికి పోయి తెల్లబట్టలో చుట్టిన సూదుల మూకుడు తెచ్చింది. పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఉడుకు నీళ్ళల్ల కడిగిన, బట్టల సుట్టిన, గా పర్దెనుక గూట్ల మరుగువెట్టిన. ఎవ్వల కండ్లు పడకుంట."

"మరుగువెట్టుడంటే ఏందనుకున్నవ్?"

"సాటుకు వెట్టుడే గద లీలమ్మా. మనోళ్ళు సాటుకంటరు, సిస్టరమ్మ దిక్కోళ్ళు మరుగంటరు. గంతే గద?"

రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఊళ్ళో మరగపెట్టడమంటే నీళ్ళు కుతకుతలాడేలా కాచడం. ఆ పనినే ఇక్కడ మసలవెట్టుడంటారు. ఇక ఉడుకు నీళ్ళంటే ఇక్కడ స్నానానికి పోసుకునే నీళ్ళు. చెయ్యి పెడితే హాయిగా ఉండే నీళ్ళు. రూతమ్మ చెప్పింది, ముత్తవ్వ చెప్పినట్టే చేసింది. ఒక్క మాట ఇద్దరి మధ్య దారి తప్పి, ఇంతమంది ఒంట్లో చీముగా మారింది. క్రిములు ఎవరి కంటా పడకుండా పర్దా వెనక గూట్లో చల్లగా కాపురం చేశాయి. తననూ ఇలాగే తెల్లగా ఉతికి, చుట్టి, మరుగున పెట్టారు కదా అని లీలకు ఆ క్షణంలో ఎందుకో అనిపించింది.

జగపతి రావుకు సంగతి తెలియగానే ముఖంలోకి రక్తం వచ్చింది. ఇన్నాళ్ళకు ఆయనకొక దారి కనబడింది. కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టి, తప్పు ఆయాది, ఆయాను తీసేశాం అని రాములవ్వతో చెప్పమన్నాడు. ముత్తవ్వ కూడా వాళ్ళలో మనిషే, వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు, మన మీది మాట పోతుంది అన్నాడు. కరుణాకర్ తల వంచుకున్నాడు. అతనికా మాట నచ్చలేదు, కానీ చెప్పాలనే ఆశా పుట్టింది. రెండూ ముఖంలో కనిపిస్తున్నాయి.

లీల ఆ ఇంట్లో మామగారి ముందు నోరెత్తి మాట్లాడటం అదే మొదలు.

"ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది మామయ్యా. అర్థమయ్యేటట్టు చెప్పనిది మనం, పక్కన నిలబడి చూడనిది మనం. ఆమెను ముంగట వెట్టి మనం ఎనుక దాసుకుంటే, అది సుత మరుగువెట్టుడే. లోపల చీము లోపల్నే ఉంటది."

"చెప్తే ఏమైతదో తెలుసా బిడ్డా నీకు?"

"తెల్వదు. చెప్పకుంటే లస్మయ్య కాలు ఏమైతదో తెలుసు."

ఆయన చెయ్యి మొలతాడుకున్న తాళంచెవి మీదికి పోయింది.

మర్నాడు రాములవ్వ మెట్లెక్కి కటకటాల దగ్గరికే వచ్చింది. కరుణాకర్ దాపరికం లేకుండా చెప్పాడు. సూదులు మసలలేదు, ఆ సూదుల వల్లే చీము పట్టింది, తప్పు తనదే, చూసుకోలేదు. ముత్తవ్వ పేరు ఎత్తలేదు. కాలు దక్కుతుందని ప్రమాణం చేయలేనని, కుట్లు విప్పి, చీము తీసి, రోజూ తన చేత్తో కడుగుతానని చెప్పాడు. రాములవ్వ అతన్ని ఎగాదిగా చూసింది.

"దొరల ఇంట్ల తప్పు మాదనే మాట నేనిప్పుడే ఇంటున్న," అంది. మెట్లు దిగిపోయింది. ఆ మాట మెచ్చుకోలో హెచ్చరికో ముగ్గురికీ అర్థం కాలేదు.

దిగే చప్పుడు ఆగాక జగపతి రావు లేచి వచ్చి తాళం తీశాడు. లీల వైపు చూడలేదు. నీళ్ళు మసిలేదాకా నిలబడి చూసి రమ్మని గోడకు చెప్పినట్టు చెప్పాడు.

ఆసుపత్రిలో లీల మొదట చూసింది కిరోసిన్ స్టవ్వు మీద గిన్నె. అడుగున సన్నటి ముత్యాల్లాంటి బుడగలు పుట్టి, పైకి రావాలా వద్దా అని తటపటాయించి, తర్వాత ఒక్కసారిగా కుతకుతమంటూ పొర్లాయి. సిరంజిలు గిన్నెలో టకటకలాడాయి. అంత అందమైన చప్పుడు ఆమె చాన్నాళ్ళుగా వినలేదు. గిన్నెడు అన్నం ఉడికేంతసేపు ఇట్లాగే పొర్లుతూ ఉండాలని ముత్తవ్వకు చెప్పింది. పట్టకారుతో తప్ప చేత్తో ముట్టకూడదని రూతమ్మ చేసి చూపించింది. ముత్తవ్వ ముక్కు చీదుకుంటూ, ఇన్ని దినాలు సిస్టరమ్మ నన్ను తిట్టకపోవుడే తప్పంది. తిట్టినా నీకు అర్థమయ్యేదా అని రూతమ్మ అంటే ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక లస్మయ్య మూలుగు వినిపించింది.

అతని కాలు అంత తేలిగ్గా లొంగలేదు. కరుణాకర్ కుట్లు విప్పి, కుళ్ళిన కండ కోసి, గాయాన్ని తెరిచే ఉంచి, రోజూ కడిగాడు. ప్రతి మనిషి దగ్గరికి పోయేముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం అందరికీ నియమమైంది. లీల నీళ్ళు పోసేది, కరుణాకర్ చేతులు పట్టేవాడు. భయం భయంగా ఉన్న ఆ రోజుల్లో వాళ్ళిద్దరికీ ఏకాంతమంటూ ఉంటే అదే, ఆ చెంబెడు నీళ్ళు పడేంతసేపు. జ్వరం దిగింది, మళ్ళీ ఎక్కింది. జ్వరం ఎక్కిన రోజు జగపతి రావు అన్నం ముట్టలేదు. చివరికి గాయం అడుగున ఎర్రటి కొత్త కండ కనిపించింది. దానిమ్మ గింజల్లాగా ఉందని లీల అంటే, తినేవాటితో పోల్చవద్దని కరుణాకర్ బతిమాలాడు.

కొత్తగా ఎవరికీ గడ్డ లేవలేదు. బంద్ ముగిసింది. లస్మయ్య కర్ర ఊతంతో గడప దాటిన రోజున రాములవ్వ వెనక్కి తిరిగి వచ్చింది.

"మొగిలికి అంత చెప్పిన సారూ. సూదులు సాటుకు వెట్టిన కథ సుత చెప్పిన, ఒకటే నవ్వుడు. తప్పు తప్పని చెప్పెటోడు గీ ఊళ్ళె ఉండాలంటున్నడు."

కరుణాకర్ గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"అందుకే," అంది రాములవ్వ, "డాక్టరు ఊరు ఇడిసి పోవద్దంటున్నడు."

ఆమె వెళ్ళాక కరుణాకర్, లీల ఒకరినొకరు చూసుకున్నారు. అదే మాట. మొదటిసారి బెదిరింపుగా వచ్చింది, ఇప్పుడు గౌరవంగా వచ్చింది. రెండుసార్లూ గడప మాత్రం దాటనివ్వలేదు.

ఆ సాయంత్రం రోగులు వెళ్ళాక జగపతి రావు వీధి షట్టరు దించి తాళం వేయించాడు. మెట్ల తలుపు తాళం మాత్రం తీసే ఉంది. తాళంకప్ప కొక్కేనికి ఊరికే వేలాడుతోంది. ఆయన దాన్ని చూసీ చూడనట్టు దాటిపోయాడు.

లీల దిగి వచ్చి షట్టరు సందుకు కన్ను ఆనించింది. పైన కిటికీలోంచి జానెడు దారే కనిపించేది; ఇక్కడ బెత్తెడు సందే అయినా కుడినుంచి ఎడమదాకా వీధంతా కనిపిస్తోంది. ముందు అద్దం పగిలిన జగిత్యాల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆమె ఈసారి నిజంగానే చప్పట్లు కొట్టింది. లోపలినుంచి ముత్తవ్వ కేక వేసింది.

"లీలమ్మా, మసులుతున్నయ్."

"వస్తున్న," అంది లీల. వెంటనే కదల్లేదు. బస్సు లేపిన దుమ్ము కిందికి దిగేదాకా అక్కడే నిలబడింది.