మూడు వేళ్ళ తేడా

కొత్త కోచ్ టేపు పట్టుకుని మైదానమంతా తిరుగుతోందని స్కూలు వాచ్‌మన్ చెప్పగానే నాకు అనుమానం వచ్చింది. అనుమానం నాకు కొత్తేం కాదు. పదిహేనేళ్ళు సైన్యంలో చేశాను, ఇరవై ఆరేళ్ళు ఆ స్కూల్లో పిల్లల్ని పరిగెత్తించి రిటైరయ్యాను. రెండు చోట్లా ఎవర్నీ నమ్మకపోబట్టే నెగ్గుకొచ్చాను. పిల్లలు నాకు డేగ మాస్టారని పేరు పెట్టారు. మలుపు దగ్గర గీత లోపలినుంచి అడ్డంగా పరిగెత్తేస్తారని, పందేనికి ముందు లోపలి గీత మీద తడిసున్నం పోసేవాణ్ణి. పందెం అవగానే వరసగా కూర్చోబెట్టి బూట్ల అడుగులు చూపించమనేవాణ్ణి. సున్నం కనబడిందా, ఇక వాడి పని అయిపోయినట్టే.

"ఏం కొలుస్తోందయ్యా?" అని అడిగాను.

"ట్రాక్ చుట్టూ కొలుస్తోంది సార్. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత హాల్లో మీ రికార్డుల బోర్డు దగ్గర నిలబడి అంకెలన్నీ రాసుకుంది."

అదీ సంగతి. నా బోర్డు మీద కన్నుపడింది.

నేను చేరేనాటికి ఆ మైదానంలో ముళ్ళకంప తప్ప ఏమీ లేదు. రెండు వందల మీటర్ల ట్రాక్ వేసింది నేనే. టేపుతో కాదు, నా అడుగుతో. సైనికుడి అడుగంటే ముప్పై అంగుళాలు. టేపు ఎండకి సాగుతుందేమో గానీ నా అడుగు సాగదని అప్పటి హెడ్మాస్టరు ముందు మీసం తిప్పాను. రెండు వందల అరవై మూడు అడుగులు లెక్కపెట్టి, మలుపుల దగ్గర రాళ్ళు పాతించాను. ఈనాటికీ సున్నం గీతలు ఆ రాళ్ళను బట్టే వేస్తారు.

ఆ బోర్డు మీద అందరికంటే పైన నా కూతురి పేరుంటుంది. ఎనిమిది వందల మీటర్లు, రెండు నిమిషాల ఇరవై రెండు సెకన్లు. పద్దెనిమిదేళ్ళుగా దాన్ని దాటినవాళ్ళు లేరు. ఆ టైముకి జిల్లా పోటీల్లో మొదటి స్థానం రావాలి. నాలుగో స్థానం వచ్చింది. అక్కడ రెండు నిమిషాల ఇరవై ఏడు సెకన్లకి పరిగెత్తింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, పిల్లలందరూ వింటుండగా, "నలుగురు చూస్తే కాళ్ళు వణికే పిరికిదానివి. కావాలనే తగ్గావు" అన్నాను. అప్పుడు దానికి పదిహేనేళ్ళు. మర్నాటినుంచి పరుగు బూట్లు ముట్టుకోలేదు. ఇప్పుడు కళ్ళద్దాల షాపులో పనిచేస్తూ మా ఇంట్లోనే పై వాటాలో ఉంటుంది. నా మాత్రలు వేళకి తెచ్చిపెడుతుంది, అవసరమైనంతే మాట్లాడుతుంది. మా ఇద్దరికీ మిగిలింది ఆ బోర్డు మీది అంకె ఒక్కటే. దాన్ని ఎవత్తో వచ్చి చెరిపేస్తానంటే చూస్తూ ఊరుకుంటానా?

మర్నాడు పొద్దున్నే స్కూలు గేటుకి ఎదురుగా పుస్తకాల షాపు అరుగు మీద కూర్చున్నాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను గానీ ఒక్క అక్షరం చదివితే ఒట్టు. కొత్త కోచ్ వచ్చింది. ముప్పై కూడా ఉండవు. టేపు ఒక కొస తన చేతిలో ఉంది. రెండో కొస పట్టుకుని మలుపు రాయి దగ్గర వంగి ఉన్నది నా కూతురు.

నా ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో తిరిగే మనిషే గోతులు తవ్వుతోందన్నమాట. రోడ్డు ఎలా దాటానో నాకే తెలియదు.

"ఏం కుట్ర చేస్తున్నారు మీరిద్దరూ?" అని అరిచాను.

కోచ్ నిలబడి నమస్కారం పెట్టింది. "కుట్రేం లేదు సార్. ట్రాక్ నూట తొంభై మూడున్నర మీటర్లే వస్తోంది. ఆరున్నర తక్కువ."

"నీ టేపు తప్పు!"

"వేరే టేపుతో కూడా చూశాం సార్."

"టేపులెందుకమ్మా, నా కాళ్ళు లేవూ?" అని ఆమెను పక్కకి జరగమన్నాను. దుమ్ము లేవకుండా ట్రాక్‌కి అప్పుడే నీళ్ళు చల్లి ఉన్నారు. రొమ్ము విరుచుకుని మొదటి రాయి దగ్గర మొదలుపెట్టి, పైకి లెక్కపెడుతూ చుట్టు తిరిగాను. సరిగ్గా రెండు వందల అరవై మూడో అడుగు అదే రాయి దగ్గర పడింది.

"చూశారా?" అన్నాను. కోచ్ నా వెనక తడినేలను చూస్తోంది. నా కూతురు మాత్రం అటు చూడకుండా టేపు చుట్టుకుంటోంది.

వెనక్కి తిరిగి చూశాను. అడుగుజాడలు చదవడం నాకొకరు నేర్పక్కర్లేదు. కుడి అడుగు ముందుకి నిండుగా పడింది. ఎడమ అడుగు ప్రతిసారీ తక్కువే. వంగి వేళ్ళు పెట్టి చూశాను. మూడు వేళ్ళ తేడా.

సరిహద్దులో పేలిన గుండు ముక్క ఒకటి నా ఎడమ మడమలో దిగింది. ఆ సంగతి దాచి, బూటులో తోలుముక్క పెట్టుకుని, కుంటడం కనబడకుండా నడిచి ఈ ఉద్యోగం సంపాదించాను. నడక సరిచేసుకున్నాననుకున్నాను. మైదానాన్నే కుంటిది చేశాను.

"నీకు ముందే తెలుసా?" అని నా కూతుర్ని అడిగాను.

"జిల్లా పోటీలయ్యాక వచ్చిన ఆదివారం కొలిచాను నాన్నా. అమ్మ కుట్టుమిషను టేపుతో. మీటరున్నర టేపు అది. నూట ముప్పై మూడుసార్లు దాటాలి. నూట ఇరవై తొమ్మిదే వచ్చింది."

మోకాళ్ళ మీద పాకుతూ, పదిహేనేళ్ళ పిల్ల, ఒక్కతే.

నేను మనసులో లెక్కవేశాను. చుట్టుకి ఆరున్నర, నాలుగు చుట్లకి ఇరవై ఆరు మీటర్లు. అంటే అయిదు సెకన్లు, సరిగ్గా బోర్డు టైముకీ జిల్లా టైముకీ ఉన్న తేడా. నా కూతురు ఆ రోజు ఒక్క అడుగు కూడా తగ్గలేదు. ఇరవై ఆరేళ్ళు ఎంతమంది పిల్లల్ని ఆ బస్సులో పిరికివాళ్ళన్నానో తలుచుకుంటే నా మీద నాకే సిగ్గేసింది.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?"

"ట్రాక్ ఎందుకు తగ్గిందని అడిగేవాళ్ళు. నీ కాలు బయటపడేది, ఉద్యోగం పోయేది. ఇప్పుడా భయం లేదు. మొన్న ఈవిడ మా షాపుకొచ్చి, జిల్లాలో వెనకబడ్డ ఒకమ్మాయిని పిరికిదానివని తిట్టానంది. ఇక ఊరుకోలేకపోయాను."

"కనీసం నాకొక్కడికైనా చెప్పాల్సిందమ్మా."

టేపు చుట్టడం ఆపి నా మొహంలోకి చూసింది.

"చెప్తే ఏం చేసేవాడివి నాన్నా? ముందు నా బూట్ల అడుగులు చూపించమనేవాడివి."

మలుపు రాయి మీద కూర్చుని, ఎడమ బూటు విప్పి, లోపలి తోలుముక్క తీసి పక్కన పెట్టాను. తర్వాత ఆ బూటును తిరగేసి దాని అడుగు నా కూతురికి చూపించాను.