రింగు అంచున ముల్లు

కెమెరా కంపెనీలో బయటి షెడ్ల నుంచి వచ్చే సరుకును పరీక్షించే బల్ల ఆమెది. అన్నయ్య తన షెడ్డులో లేతు మిషను మీద కోసిన ఇత్తడి లెన్సు రింగులూ ఆ బల్ల మీదికే వస్తాయి. రింగు లోపలి అంచున కోతలో లేచిన, కంటికి ఆనని ముల్లు ఒక్కటి మిగిలినా చాలు, అది రాలి లెన్సు మీద పడుతుంది. అందుకే అన్నయ్య ప్రతి రింగునూ బొటనవేలితో తడిమి, ముల్లు తగిలితే గీకి పంపేవాడు. ఆమెకు ఆ విద్య నేర్పిందీ అతనే. పన్నెండేళ్లలో అతని సరుకు ఒక్కసారీ వెనక్కి పోలేదు.

రెండు నెలలుగా ముళ్లు తగులుతున్నాయి. అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడని, భోజనాల వేళ తనే గీకి, సరుకు బాగుందనే పచ్చ చీటీ అంటించింది. ఈసారి నాలుగు వందల్లో సగం అలాగే వచ్చాయి. ఎర్ర చీటీ పడితే ఆర్డరు పోతుంది. షెడ్డుకున్న ఆర్డరు అదొక్కటే.

ఒక రింగు తీసుకుని షెడ్డుకు వెళ్లింది.

"ఏంటే, ఇన్స్పెక్టరమ్మ నడిచొచ్చింది! తనిఖీకా, టీ తాగడానికా?" అన్నాడు అన్నయ్య లేతు ఆపుతూ.

"ఇది చూడన్నయ్యా."

అతను కళ్లు మూసుకుని అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. "వెన్నపూస! మీ వదిన మాట ఇంత నునుపుగా ఉంటేనా, నా బతుకు ఎక్కడో ఉండేది."

"చెవులున్నాయి నాకు," అంది వదిన, రింగులు కాగితంలో చుడుతూ.

అతని వేలి మీద ఎర్రటి గీత తేలింది. రక్తం ఇత్తడి మీదికి జారింది. అతను ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"అన్నయ్యా, వేలు తెగింది."

కళ్లు తెరిచి చూసుకున్నాడు.

"షుగరొచ్చాక వేళ్లు కాస్త మొద్దుబారినట్టే అనిపించింది. కానీ నీ పచ్చ చీటీలు వస్తూనే ఉన్నాయిగా. ఇంకా పనికొస్తున్నాననుకున్నా." తలెత్తాడు. "నువ్వు గీకావా?"

ఆమె తల దించుకుంది.

"మొదటిసారే చెప్పుంటే వేరే మనిషిని పెట్టుకునేవాణ్ణి కదమ్మా."

వదిన గుడ్డపీలిక తెచ్చి వేలికి చుట్టింది. నొప్పి పుడుతుందేమోనని ముడి వదులుగా వేసింది.

"గట్టిగా కట్టవే," అన్నాడతను. "నాకేం తెలీదులే."

ఆమె కంపెనీలో తన బల్ల దగ్గరికి తిరిగొచ్చి ఎర్ర చీటీ తీసింది. కారణం అన్న గడిలో 'ముళ్లు' అని రాసింది. తను గీకి పంపిన పెట్టెల నంబర్లు కూడా దాని కింద ఒక్కొక్కటే రాసింది.